‘నెక్స్ట్ జనరేషన్’లో నాలుగో సీజన్‌కు దక్కవలసిన చోటు

ఆర్యా,

మీ ఆదివారం అనుబంధంలో, ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక సిబ్బంది కథలు చెప్పే అమెరికన్ టీవీ ధారావాహిక ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’పై వచ్చిన వ్యాసాన్నీ, దానిమీద తరువాతి వారాల్లో పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. ఏడు సీజన్లలో మూడోది అన్నిటికన్నా బలమైనదనీ, రెండోది అన్నిటికన్నా బలహీనమైనదనీ, కొత్తగా చూసేవారు మొదటి రెండు సీజన్లనూ పూర్తిగా వదిలేసి మూడోదానితో మొదలుపెట్టవచ్చనీ వ్యాసకర్త తేల్చారు. ఒక పాఠకురాలు అయిదో సీజన్ పక్షాన గట్టిగా వాదించారు. నాలుగో సీజన్ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మా అమ్మాయి పంపిన డీవీడీలలో ఈ ధారావాహికను మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు, కొన్ని ఎపిసోడ్లను అంతకన్నా ఎక్కువసార్లు చూసినవాణ్ని కనుక, ఈ తీర్పులో రెండు పొరపాట్లు ఉన్నాయని నాకు బలంగా అనిపిస్తోంది. బలహీనమైన సీజన్ రెండోది కాదు, మొదటిది. బలమైనది మూడోది కాదు, నాలుగోది.

ముందుగా కొలమానం సంగతి చెప్పాలి. 1987 సెప్టెంబరు 28న మొదలై 1994 మే 23న ముగిసిన ఈ ధారావాహికలో మొత్తం 178 ఎపిసోడ్లు ఉన్నాయి. ఒక్క రెండో సీజన్ తప్ప మిగతావన్నీ ఇరవై ఆరేసి ఎపిసోడ్లవి. ఇప్పటి ధారావాహికల్లాగా ఎనిమిదో పదో భాగాలు తీసి ఏడాదిపాటు సర్దుకునే వెసులుబాటు వీరికి లేదు. ఇరవై ఆరు కథలు చెప్పేటప్పుడు ప్రతి సీజన్‌లోనూ రెండో మూడో అద్భుతమైనవి కుదురుతాయి, ఒకటో రెండో చెడిపోతాయి. ఆ రెండు చివర్లను పట్టుకుని సీజన్‌కు విలువ కడితే పండగనాటి విస్తరిని చూసి ఆ ఇంటి రోజువారీ భోజనాన్ని అంచనా వేసినట్టవుతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందని మన పెద్దలు అన్నది నిజమే. అయితే ఆ మెతుకు కుండ మధ్యలోంచి తీసినదై ఉండాలి. ఎవరూ పేరు గుర్తుపెట్టుకోని ఒక మామూలు వారంలో, డబ్బూ సమయమూ తక్కువైన వారంలో, ఆ బృందం ఏం చేసిందో చూడాలి. నేను ఆ పద్ధతిలోనే చూశాను.

మొదటి సీజన్‌ను ఆ విధంగా చూసినప్పుడు దానిని వెనకేసుకురావడం చాలా కష్టం. సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ ఇరవైనాలుగో శతాబ్దపు మనుషుల మధ్య తగవులు ఉండకూడదని నియమం పెట్టారు. ఆ ఆశయం ఉన్నతమైనదే. కానీ నౌకలోని ఏడెనిమిదిమంది ఒకరితో ఒకరు విభేదించకపోతే, ప్రతి కథలోనూ గొడవ బయటినుంచే రావాలి. అందువల్ల ఆ ఏడాది కథలు చాలావరకు ఒక గ్రహం, దానిమీద ఒక వింత ఆచారం, దానిలో చిక్కుకున్న మనవాళ్లు అన్న మూసలోనే నడిచాయి. ‘జస్టిస్’ అనే ఎపిసోడ్‌లో పూలమొక్కల మీద పడినందుకు ఒక కుర్రవాడికి మరణశిక్ష వేస్తారు. ‘కోడ్ ఆఫ్ ఆనర్’లో ఒక గ్రహవాసులందరినీ నల్లజాతి నటులతోనే చూపి, వారిని స్త్రీని ఎత్తుకుపోయే ఆటవిక తెగగా చిత్రించారు. ఆ తప్పును ధారావాహికలో నటించినవారే తరువాతి కాలంలో బహిరంగంగా ఒప్పుకున్నారు. భద్రతాధికారి టాషా యార్ పాత్రను చంపిన తీరు కూడా ఆ సీజన్ అపరిపక్వతకు నిదర్శనం. ఆకస్మిక మరణం నిజజీవితంలో ఉంటుంది, దానికి నేను అభ్యంతరం చెప్పను. కానీ ఆ పాత్రకు బతికున్నన్నాళ్లూ ఏమీ ఇవ్వకుండా, చనిపోయాక మాత్రం ప్రేక్షకుడు కంటతడి పెట్టాలని ఆశించారు. ‘ద బిగ్ గుడ్‌బై’ వంటి చక్కని ఎపిసోడ్ ఉన్న మాట వాస్తవమే, దానికి పీబాడీ పురస్కారం కూడా వచ్చింది. అయినా సీజన్ మొత్తంమీద పాత్రలు ఇంకా మనుషులుగా మారలేదు.

రెండో సీజన్‌ను అందరికన్నా కింద కూర్చోబెట్టేవారు సాధారణంగా చూపేది దాని చివరి ఎపిసోడ్ ‘షేడ్స్ ఆఫ్ గ్రే’. నౌకలో కెప్టెన్ తరువాతి అధికారి అయిన రైకర్‌కు ఏదో విషపు ముల్లు గుచ్చుకుంటుంది, అతని మెదడును మెలకువగా ఉంచడానికి జ్ఞాపకాలను రెచ్చగొడతారు, ఆ జ్ఞాపకాలన్నీ మనం అప్పటికే చూసేసిన పాత ఎపిసోడ్ల ముక్కలు. అది బలహీనమైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ సీజన్ ఏ పరిస్థితుల్లో తయారైందో వ్యాసకర్త ఒక్క మాటైనా చెప్పలేదు. 1988 మార్చి నుంచి ఆగస్టు దాకా అమెరికాలో రచయితల సంఘం అయిదు నెలలపాటు సమ్మె చేసింది. రాసే చేతులే లేవు. సెప్టెంబరులో మొదలు కావలసిన సీజన్ నవంబరు 21న మొదలైంది, ఎపిసోడ్లు ఇరవై రెండుకు తగ్గాయి, మొదటి ఎపిసోడ్ ‘ద చైల్డ్’ కోసం డెబ్బైలలో తీయాలనుకుని మానేసిన మరో ధారావాహిక తాలూకు స్క్రిప్టును వెతికి తీయవలసి వచ్చింది. వైద్యురాలి పాత్ర వేసిన నటి కూడా ఆ ఏడాది లేరు. ఇన్ని లోట్ల మధ్య వచ్చిన సీజన్‌లోనే ఈ ధారావాహిక తన అసలు గొంతును మొదటిసారి వినిపించింది.

1989 ఫిబ్రవరిలో వచ్చిన ‘ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ గురించి నేను చెబుతున్నాను. దీన్ని రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ అంతకుముందు న్యాయవాదిగా పనిచేసినవారు. డేటా అనే యంత్రమానవుణ్ని విడదీసి అధ్యయనం చేస్తామని ఒక శాస్త్రజ్ఞుడు వస్తాడు, డేటా ఒప్పుకోడు, అతను వ్యక్తా లేక తాను పనిచేసే అంతరిక్ష దళానికి ఆస్తా అన్న ప్రశ్న న్యాయస్థానానికి వెళ్తుంది. తగినంత సిబ్బంది లేని స్థావరం కాబట్టి డేటా మిత్రుడైన రైకరే అతనికి వ్యతిరేకంగా వాదించాలి. మనసు పెట్టి వాదించకపోతే విచారణ లేకుండానే డేటాను ఆస్తిగా తీర్పు ఇచ్చేస్తానని న్యాయాధికారిణి ముందే హెచ్చరిస్తుంది. రైకర్ డేటా దగ్గరికి నడిచి వచ్చి, అతని చేతిని ఊడదీసి అందరికీ చూపి, చివరకు వీపు దగ్గర ఉన్న మీట నొక్కుతాడు. డేటా బల్లమీదికి ఒరిగిపోతాడు. ఆ క్షణంలో కెమెరా రైకర్ ముఖాన్ని వదలదు. తాను గెలుస్తున్నానని తెలిసి కుంగిపోతున్న మనిషి ముఖమది. తీర్పు డేటాకు అనుకూలంగా వచ్చాక, వేడుకకు రాకుండా ఒంటరిగా కూర్చున్న రైకర్‌ను వెతుక్కుంటూ డేటాయే వస్తాడు. నువ్వు వాదించడం వల్ల గాయపడింది నువ్వు, బతికింది నేను, దీన్ని నేను మరిచిపోను అన్న అర్థంలో అతను చెప్పే మాటలు విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. అంతరిక్షపు వింతలతో పని లేకుండా ఒక గదిలో నలుగురు మాట్లాడుకుంటే చాలునని ఈ ధారావాహిక నేర్చుకున్నది ఇక్కడే. మూడు నెలల తరువాత ‘క్యూ హూ’లో, సగం యంత్రాలై ఎదురైన జాతులను తమలో కలిపేసుకునే శత్రువులైన బోర్గ్‌లు వచ్చారు. వ్యాసకర్త మూడో సీజన్‌కు కిరీటం పెట్టడానికి కారణమైన బోర్గ్‌లకు పుట్టిల్లు, ఆయన వదిలేయమన్న రెండో సీజనే.

మూడో సీజన్ మహత్తును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మైకేల్ పిల్లర్ రచయితల బృందానికి పెద్దగా వచ్చి, ప్రతి కథా ఏదో ఒక ప్రధాన పాత్ర అంతరంగం చుట్టూ తిరగాలని పట్టుబట్టారు. బయటివారు ఎవరైనా స్క్రిప్టు పంపవచ్చని తలుపులు తెరిచారు. రొనాల్డ్ మూర్ వంటివారు ఆ విధంగా పంపిన కథలతోనే లోపలికి వచ్చారు. ‘ఎస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్’, ‘ది ఆఫ్‌స్ప్రింగ్’, ‘సారెక్’ ఒకే ఏడాదిలో రావడం మామూలు విషయం కాదు. 1990 జూన్‌లో నౌక కెప్టెన్ పికార్డ్‌ను బోర్గ్‌లు తమలో కలిపేసుకున్న దగ్గర సీజన్ ఆగిపోయినప్పుడు అమెరికా ప్రేక్షకులు సెప్టెంబరు దాకా ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. అయితే శిఖరాలు అంత ఎత్తున ఉన్నందువల్లే మనకు లోయలు కనిపించడం లేదు. ‘ద ప్రైస్’, ‘మెనాజ్ ఎ ట్రాయ్’ వంటివి రెండో సీజన్ నాసి ఎపిసోడ్ల పక్కన పెట్టదగినవే. ఆ ఏడాది మొదట్లో రచయితల గది ఇంకా కుదురుకోలేదు. పిల్లర్ నాటిన పద్ధతి నిలకడగా కాపు కాసింది మరుసటి ఏడాదే.

1990 అక్టోబరు 1న, బోర్గ్ కథ రెండో భాగం వచ్చిన సరిగ్గా వారానికి, ‘ఫ్యామిలీ’ వచ్చింది. ముప్పై తొమ్మిది నౌకలు ధ్వంసమైన యుద్ధం ముగిసింది, ఆ ధ్వంసానికి పికార్డ్ బుద్ధినే శత్రువు వాడుకున్నాడు. అప్పటి టెలివిజన్ ఆనవాయితీ ప్రకారం మరుసటి వారం అతను ఏమీ జరగనట్టు కుర్చీలో కూర్చుని ఇంకో గ్రహానికి ప్రయాణం కట్టాలి. ఇక్కడ మాత్రం అతన్ని ఫ్రాన్సులోని సొంత ఊరికి, ద్రాక్షతోట చూసుకునే అన్న రాబర్ట్ దగ్గరికి పంపారు. ఈ ఎపిసోడ్‌లో శత్రువు లేడు, నౌక నడిపే గది ఒక్కసారి కూడా కనిపించదు. చిన్నప్పటి పంతాలు ఇంకా చల్లారని అన్నదమ్ములిద్దరూ తోటలో చేయిచేసుకుంటారు, బురదలో దొర్లుతారు, ఒళ్లంతా మట్టి పట్టిన తమను తాము చూసుకుని నవ్వుతారు. ఆ నవ్వే పికార్డ్ నోట ఏడుపుగా మారుతుంది. నన్ను వాడుకుని చంపారు, ఆపడానికి ఎంతో ప్రయత్నించాను, నా బలం చాలలేదు అని అతను వెక్కివెక్కి చెబుతుంటే, అన్న ఓదార్చడు. దీనితో నువ్వు చాలాకాలం బతకవలసి ఉంటుంది అని మాత్రం అంటాడు. అన్నదమ్ములున్న ఎవరికైనా తెలుసు, ఆ సమయంలో ఆ మాట అనగలిగేది అన్న ఒక్కడే. చివర్లో రాబర్ట్ కొడుకు చెట్టుకింద కూర్చుని నక్షత్రాలను చూస్తుంటే, లోపలికి రమ్మనాలనుకున్న తల్లిని రాబర్ట్ వారిస్తాడు. వాణ్ని కల కననివ్వమంటాడు.

ఈ ఒక్కటే కాదు, ఆ సీజన్ అంతటా ఇదే చుట్టరికపు దారం కనిపిస్తుంది. అదే ఎపిసోడ్‌లో నౌక వైద్యురాలు క్రషర్ కొడుకు వెస్లీ, చనిపోయిన తన తండ్రి తాను పసికందుగా ఉన్నప్పుడు రికార్డు చేసి పెట్టిన మాటలు వింటాడు. క్లింగాన్ అనే గ్రహాంతర జాతిలో పుట్టిన అధికారి వార్ఫ్‌ను పెంచిన భూలోకపు తల్లిదండ్రులు అతన్ని చూడటానికి వస్తారు. ‘బ్రదర్స్’లో డేటాకు తనను తయారుచేసిన సూంగ్ ఎదురవుతాడు. డేటాగా, చెడ్డ సోదరుడు లోర్‌గా, ముసలి సూంగ్‌గా మూడు పాత్రలనూ బ్రెంట్ స్పైనర్ ఒక్కరే పోషించారు. మూడో సీజన్‌లో తండ్రిమీద పడిన నిందను వార్ఫ్ తనమీద వేసుకుంటే, నాలుగో సీజన్‌లోని ‘రీయూనియన్’లో దాని పర్యవసానం వస్తుంది, ధారావాహిక నూరో ఎపిసోడ్‌గా వచ్చిన సీజన్ ముగింపు ‘రిడెంప్షన్’లో అతను ఉద్యోగాన్నే వదిలి వెళ్తాడు. ఒక వారం జరిగినది మరో వారానికి గుర్తుండని రోజుల్లో ఈ కొనసాగింపు ఎంత అరుదో ఇప్పటి ప్రేక్షకులు గమనించాలని కోరుతున్నాను.

మామూలు వారాలను చూడాలన్నాను కనుక ‘హాఫ్ ఎ లైఫ్’ దగ్గర కొంచెంసేపు ఆగుతాను. ఎవరి జాబితాలోనూ కనిపించని ఎపిసోడ్ ఇది. నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే దీన్ని మొదటిసారి చూశాను. టిమిసిన్ అనే శాస్త్రజ్ఞుడు ఆరిపోతున్న తమ సూర్యుణ్ని మళ్లీ వెలిగించే పనిలో నలభై ఏళ్లు గడిపాడు. ప్రయోగం విఫలమవుతుంది, కానీ తప్పు ఎక్కడుందో అతనికి అంతుచిక్కబోతోంది. ఈలోగా అతనికి అరవై ఏళ్లు నిండబోతున్నాయి, అరవై నిండినవారు స్వచ్ఛందంగా ప్రాణం వదలాలన్నది ఆ గ్రహపు ఆచారం. నౌకలో మానసిక సలహాదారైన కౌన్సెలర్ ట్రాయ్ తల్లి లక్సానా అతన్ని ప్రేమిస్తుంది, వద్దని పోరాడుతుంది. మిగతా సీజన్లలో నవ్వించడానికి మాత్రమే తీసుకొచ్చే పాత్ర ఇక్కడ ముసలితనం గురించి కోపంతో, భయంతో మాట్లాడుతుంది. పూర్వం తమ లోకంలో ముసలివారిని ఎక్కడో విడిచిపెట్టి చావుకోసం ఎదురుచూడనిచ్చేవారనీ, ఆ అవమానం తప్పించడానికే ఈ ఆచారం వచ్చిందనీ టిమిసిన్ చెప్పినప్పుడు, ఆ ఆచారాన్ని అసహ్యించుకుంటూనే దాని కారణాన్ని కొట్టిపారేయలేకపోయాను. బతకాలని నిర్ణయించుకుని అతను నౌకలో ఆశ్రయం కోరితే అతని కన్నకూతురే వచ్చి, అమ్మ పక్కన నీకోసం చోటు సిద్ధం చేశాను, నువ్వు అక్కడ ఉండవన్న ఊహను భరించలేను, నిన్ను చూస్తే సిగ్గుగా ఉంది అంటుంది. ఆమె మాటల్లో ద్వేషం లేదు, అంతా ప్రేమే. అందుకే అతను తిరిగి వెళ్లిపోతాడు. ఆప్తులు దగ్గర ఉండాలన్నది మీ సంప్రదాయం కదా అని లక్సానా అతని చేయి పట్టుకుని తోడు వెళ్తుంది. ఎవరూ గెలవరు, ఎవరినీ దుర్మార్గులుగా చూపరు. ఒక సీజన్ తన మామూలు వారంలో ఇంత చేయగలిగితే దాని బలాన్ని ఇంకెలా నిరూపించాలి?

అంతకు ఒక వారం ముందు, 1991 ఏప్రిల్ 29న వచ్చిన ‘ద డ్రమ్‌హెడ్’ నా వాదనకు ఇంకా సూటిగా సరిపోతుంది. డబ్బు ఆదా చేయడానికి మళ్లీ పాత క్లిప్పులు అతికించిన ఎపిసోడ్ చేయమని స్టూడియో అడిగింది. రెండో సీజన్‌లో సరిగ్గా ఈ అవసరమే ‘షేడ్స్ ఆఫ్ గ్రే’కు దారితీసింది. ఈసారి బృందం అందుకు ఒప్పుకోక, ఉన్న సెట్లలోనే తక్కువ ఖర్చుతో ఒక విచారణ కథ చేసింది. జెరీ టేలర్ రాయగా, రైకర్ పాత్రధారి జోనథన్ ఫ్రేక్స్ దర్శకత్వం వహించారు. ఇంజన్ దగ్గర జరిగిన పేలుడు ప్రమాదవశాత్తు జరిగిందని తేలిపోతుంది. అయినా సీనియర్ నటి జీన్ సిమన్స్ పోషించిన విశ్రాంత అడ్మిరల్ కుట్రను వెతకడం ఆపదు, తాతది శత్రుజాతి అన్న సంగతి దాచిన ఒక కుర్ర ఉద్యోగి జీవితం నలిగిపోతుంది, చివరకు పికార్డ్ కూడా బోనెక్కవలసి వస్తుంది. ఖజానా ఖాళీ అయిన రెండు సందర్భాల్లో ఒకే ధారావాహిక చేసిన రెండు పనులను పక్కపక్కన పెట్టి చూస్తే, మధ్యలోని రెండేళ్లలో ఆ రచయితలు ఎంత దూరం నడిచారో తెలుస్తుంది.

అయిదో సీజన్‌ను సమర్థించిన పాఠకురాలితో నాకు పెద్ద పేచీ లేదు. పాతిక నిమిషాల అచేతనంలో పికార్డ్ ఒక అంతరించిన లోకంలో భార్యాపిల్లలతో పూర్తి జీవితం జీవించి వచ్చే ‘ది ఇన్నర్ లైట్’కు 1993లో హ్యూగో పురస్కారం దక్కింది, దానికి అన్ని విధాలా అర్హమైనది. ‘డార్మాక్’ అయితే తెలుగువారు తప్పక చూడాలి. పురాణగాథల పేర్లతోనే మాట్లాడే ఒక జాతి అందులో ఉంది. పదాలన్నీ యంత్రం అనువదిస్తున్నా పికార్డ్‌కు భావం అందదు, ఎందుకంటే ఆ గాథలు అతనికి తెలియవు. సైంధవుడిలా అడ్డుపడ్డాడని, శల్యసారథ్యం చేశాడని, భగీరథ ప్రయత్నమని రోజూ అనుకునే మనకు ఆ భాష వింతగా అనిపించదు. భారతం తెలియనివాడికి మన సంభాషణ ఎలా వినిపిస్తుందో ఆ ఎపిసోడ్ చూశాకే నాకు తట్టింది. కానీ ఆ సీజన్‌లోనే ‘కాస్ట్ ఆఫ్ లివింగ్’, ‘ఇమాజినరీ ఫ్రెండ్’ రెండు వారాల తేడాతో వచ్చి నీరసం తెప్పించాయి. నాలుగో సీజన్‌లోనూ ‘ద లాస్’, ‘నైట్ టెర్రర్స్’ వంటివి లేకపోలేదు, అయితే వాటి చుట్టూ ఉన్న వారాలు గట్టివి. ఆరో సీజన్‌లో ‘చెయిన్ ఆఫ్ కమాండ్’, ‘ట్యాపెస్ట్రీ’ గొప్పవి. దానిగురించి ఇంతకన్నా నాకు చెప్పాలని లేదు.

ఏడో సీజన్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. బంధువులను తీసుకువస్తే చాలు కథ పండుతుందని నాలుగో సీజన్‌ను చూసి ఎవరైనా పొరబడితే, జవాబు అక్కడ ఉంది. ఇంజనీరు జోర్డీ తల్లి, డేటాను తయారుచేయడంలో భాగమైన ‘అమ్మ’, వార్ఫ్ పెంపుడు సోదరుడు, పికార్డ్‌కు కొడుకని చెప్పబడే యువకుడు, ఇంతమంది ఒక్క ఏడాదిలోనే వచ్చిపోతారు. వారిలో ఎవరూ మన మనసులో నిలవరు. నాలుగో సీజన్‌లో పాత్రకు గాయమైంది కనుక బంధువు వచ్చాడు. ఏడో సీజన్‌లో కథ దొరకలేదు కనుక బంధువు వచ్చాడు. డాక్టర్ క్రషర్ అమ్మమ్మ దీపంలో దయ్యం ఉండే ‘సబ్ రోసా’ను నేను రెండోసారి చూడలేకపోయాను. అప్పటికి పక్కన మరో స్టార్ ట్రెక్ ధారావాహిక ‘డీప్ స్పేస్ నైన్’ నడుస్తోంది, ఇంకొకటి ‘వాయేజర్’ సిద్ధమవుతోంది, అదే పాత్రలతో సినిమా కూడా రాస్తున్నారు. ఉన్న సత్తువ నాలుగు దిక్కులకు పోయింది. అయినప్పటికీ ‘లోయర్ డెక్స్’ వల్ల, ముగింపుగా వచ్చిన ‘ఆల్ గుడ్ థింగ్స్’ వల్ల ఆ సీజన్‌ను మొదటిదానికన్నా పైనే ఉంచుతాను.

ఇక కొత్తగా చూసేవారికి మీ వ్యాసకర్త ఇచ్చిన సలహాను దయచేసి సవరించవలసిందిగా కోరుతున్నాను. మొదటి సీజన్‌ను వదిలేయండి, నాకు అభ్యంతరం లేదు. రెండో సీజన్‌లో ‘ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’, ‘క్యూ హూ’ రెండూ చూశాకే మూడోదానిలోకి వెళ్లండి. బోర్గ్ కథ రెండో భాగం పూర్తయ్యాక మాత్రం అక్కడ ఆపవద్దు. ఎంత పొద్దుపోయినా సరే, ‘ఫ్యామిలీ’ని అదే రాత్రి చూడండి.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి